దొరికిన చోటు

భార్య పోయిన రెండు నెలలకు, ఆమెతో తెగకుండా మిగిలిపోయిన ఒక్క తగాదాను తేల్చుకోవడానికి మేస్త్రి మ్యూజియానికి బయలుదేరాడు.

తగాదా ఒక రాయి గురించి. రెండు పిడికిళ్లు కలిపినంత ఉంటుంది. బూడిద రంగు. ఒక పక్కంతా తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. ఒక్కో గదిలో సన్నటి గీతలు అంచుల నుంచి బయలుదేరి మధ్యలో కలుసుకుంటాయి. దూరం నుంచి చూస్తే పువ్వులు చెక్కినట్టుంటుంది. ముప్ఫై ఏళ్లకు పైగా అది వాళ్ల వంటింటి కిటికీలో ఉంది. నదిలో దొరికిందని ఆమె చెప్పేది. ఇందులో ఒకప్పుడు ప్రాణం ఉండేదని కూడా అనేది.

"రాళ్ల సంగతి నాకు చెబుతున్నావుటే?" అనేవాడు మేస్త్రి.

నలభై ఐదేళ్లుగా రాయి కోస్తున్న మనిషి. గడపలు, మెట్లు, వంటగట్లు, సమాధి పలకలు. కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనిస్తే ఏ గనిలో రాయో చెప్పేవాడు. ఇది నీళ్లు కొరికిన రాయి, అంతకు మించి ఏమీ లేదని అతని తీర్పు. ఆమె ఎదురు చెప్పేది కాదు. ఒప్పుకునేదీ కాదు. తడిగుడ్డతో రాయిని తుడిచి మళ్లీ కిటికీలో పెట్టేది. ఆ తుడవడం చూస్తే అతనికి ఒళ్లు మండేది. నోరు విప్పి వాదించే మనిషిని గెలవొచ్చు. తుడిచి పెట్టే మనిషిని ఏం చేసి గెలుస్తాడు?

ఇప్పుడు ఆమె ఒప్పుకోకుండానే వెళ్లిపోయింది. అది అతనికి అన్యాయంగా తోచింది. చదువుకున్నవాళ్ల చేత 'మామూలు రాయి' అని కాగితం మీద రాయించుకుంటే ఆ లెక్క తెగిపోతుందనుకున్నాడు.

బయలుదేరే ముందు రాయిని షెడ్డులోకి తీసుకెళ్లాడు. మురికిగా ఉన్న రాయి అతని చేతి మీదుగా బయటికి పోదు. అది అతని షెడ్డులో మొదటి రోజు నుంచీ ఉన్న పద్ధతి. రాయి అడుగున బొటనవేలి మందాన తెల్లటి పెచ్చు గట్టిగా పట్టుకుని ఉంది. గోటితో గీరి చూశాడు. సున్నం. కిటికీలో దొర్లిపోకుండా ఎప్పుడో ఆమే పెట్టి ఉంటుందనుకున్నాడు. గ్రైండరు ఆనించి పది నిమిషాల్లో మొత్తం తీసేశాడు. అడుగు అద్దంలా నున్నగా వచ్చింది.

పక్క షెడ్డు వెల్డరు ముసుగు పైకెత్తి చూశాడు.

"ఏం బావా, పొద్దున్నే ఉతికిన చొక్కా! పెళ్లిచూపులకా?"

"నీ మూతికి రెండు వెల్డింగు టాకాలు వెయ్యాలిరా."

"వెయ్యి బావా, మా ఆవిడ నీ కాళ్లకు దణ్ణం పెడుతుంది. ఇంతకీ ఎక్కడికి?"

"మ్యూజియానికి."

"నిన్ను తీసుకుంటారా? అంత పాతవాడివి కాదేమో, కనుక్కుని వెళ్లు."

మేస్త్రి రాయిని గోనెగుడ్డలో చుట్టుకుని బస్సెక్కాడు.

మ్యూజియంలో రాళ్ల గది రెండో అంతస్తులో, వరండా చివర ఉంది. గోడ పొడుగునా సొరుగులు. ఒక్కో సొరుగుకు ఇత్తడి చట్రంలో చిన్న చీటీ. కిటికీ దగ్గర బల్ల వెనక ఆ గది ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. మేస్త్రి కూతురి వయసుంటుంది. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. గోళ్ల సందుల్లో రాతిపొడి. ఆ పొడి చూశాక అతనికి కాస్త నమ్మకం కలిగింది.

"ఇది మామూలు రాయి మేడం. మామూలు రాయేనని ఒక్క ముక్క రాసిచ్చారంటే నా దారిన నేను పోతాను."

ఆఫీసరమ్మ నవ్వింది. "ఇక్కడికొచ్చేవాళ్లంతా వజ్రమని రాసిమ్మంటారు, ఉల్క అని రాసిమ్మంటారు. మామూలు రాయని రాసిమ్మన్నవాళ్లు మీరే మొదలు."

రాయి అందుకుని నీళ్లతో తడిపింది. అతనూ ఖాతాదారులకు పలక చూపించేటప్పుడు అలాగే తడుపుతాడు. తడిస్తే రాయి దాచుకున్నది బయటపెడుతుంది. తర్వాత ఒక సీసాలోంచి యాసిడ్ చుక్క వేసింది. చుక్క బుసబుసమని పొంగింది.

"పాలరాయి మీద వేసినా పొంగుతుందది," అన్నాడు మేస్త్రి.

"పొంగుతుంది. మీరు రాతిపనివారా?"

"మేస్త్రిని."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, వాటి మీద ఇంకో భూతద్దం పెట్టుకుని, రాయిని అటూ ఇటూ తిప్పింది. మాట ఆపేసింది. ఆ మౌనం మేస్త్రి ఎరిగినదే. అమ్మేవాడికి తెలియని మంచి బండ ఎదురుపడ్డప్పుడు తనూ అలాగే నోరు మూసుకుంటాడు.

"ఎవరికి దొరికిందండీ?"

"మా ఆవిడకి. పోయింది."

"అయ్యో. ఆవిడ ఏమనుకునేవారు దీన్ని?"

"ప్రాణం ఉండేదనేది."

"ఆవిడ అన్నదే నిజం మేస్త్రిగారూ. ఇది పగడం."

"పగడం ఎర్రగా ఉంటుంది మేడం. ఉంగరాల్లో పెట్టుకుంటారు."

"అదొక రకం. ఇది రాయిగా మారిపోయిన పగడం. దీని కాలంలో మనుషులు లేరు, పక్షులు లేవు. ఇవాళ మనం నది అంటున్న చోటుకు ఎగువన ఎక్కడో అప్పట్లో సముద్రం ఉండి ఉండాలి." ఆవిడ పెన్సిలు మొనతో ఒక గదిని చూపించింది. "ఇదిగో, ఈ ఒక్క గదిలో ఒక్క ప్రాణి. మెత్తగా, చిటికెనవేలి గోరంత. తన చుట్టూ తనే గోడ కట్టుకుంటుంది. ఎదిగేకొద్దీ కిందొక అడ్డపలక వేసుకుని పైకి జరుగుతుంది. మేడ మీద మేడ కట్టినట్టు. ఇలా వందల ప్రాణులు ఒకే ఇంట్లో. ఎవరి గది వాళ్లది, గోడ మాత్రం ఇద్దరిదీ."

మేస్త్రి చాలాసేపు ఆ గదుల వంక చూశాడు.

"వాటికి మాటామంతీ ఉంటుందా?"

"లేదండీ. పక్కపక్కనే ఉంటాయి, అంతే."

"అయితే మా ఇల్లే," అన్నాడు. ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

పగడమని తేలింది కానీ ఏ రకం పగడమో తేలలేదు. అది తేలాలంటే రాయిని అడ్డంగా కోసి లోపలి గీతలు లెక్కపెట్టాలట. నిలువు వైపు అడ్డపలకలు చూడాలట. మ్యూజియం కోతమిషను పాడై ఏడాదిన్నరయింది. బాగుచెయ్యమని పెట్టిన కాగితం ఇంకా బల్లలు మారుతూనే ఉంది.

"నేను కోస్తాను," అన్నాడు మేస్త్రి. "నాకంటే బాగా ఎవడు కోస్తాడు?"

ఆవిడ ఎలా కొయ్యాలో పెన్సిలుతో రాయి మీదే గీత గీసి చూపించింది. తర్వాత కాగితం తీసి, "దొరికిన చోటు?" అంది.

"నది."

"మూడు వందల కిలోమీటర్ల నదండీ. ఎక్కడ? ఏ ఒడ్డు? ఈ నది ఎగువన పగడపు రాయి ఉందని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇది దొరికిన చోటు తెలిస్తే అక్కణ్ణించి పైకి వెతుక్కుంటూ వెళ్లొచ్చు. చోటు తెలియకపోతే..." ఆవిడ తలుపు వైపు చెయ్యి చూపించింది. మెట్ల దగ్గర ఒక చెక్కపెట్టె. 'తాకి చూడండి' అని రాసి ఉంది. బడిపిల్లలు రాళ్లు తీసి టకటకా కొట్టుకుంటున్నారు. "మంచివే, కానీ ఎక్కడివో తెలియవు. అందుకే అందులో పడేశాం."

"తెలిస్తే?"

"అద్దాల బీరువా. పక్కన చీటీ. రకం పేరు, దొరికిన చోటు, తేదీ, వెతికి తెచ్చినవారి పేరు."

"పేరు వేస్తారా? మా ఆవిడ పేరు?"

"ఆవిడదే వేస్తాం."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆమె పేరు ఎక్కడా లేదు. ఇంటి కాగితం అతని పేరున ఉంది. షెడ్డు బోర్డు మీద అతని పేరుంది. చనిపోయే ముందు, "నన్ను కాల్చెయ్యండి, నాకు పలక పెట్టొద్దు," అని ఆసుపత్రి మంచం మీద రెండుసార్లు చెప్పింది. ఊళ్లో సగం సమాధుల మీద మేస్త్రి ఉలి చెక్కిన అక్షరాలే. సొంత పెళ్లానికి పలక లేదు. జనం ఏమనుకుంటారని అప్పుడు మొహం మాడ్చుకున్నాడే గానీ, ఎందుకు వద్దంటున్నావని అడగలేదు.

మామూలు రాయని రాయించుకోవడానికి వచ్చినవాడు, అద్దాల బీరువాలో ఆమె పేరు చూడకపోతే తనకు నిద్రపట్టదనుకుంటూ మెట్లు దిగాడు.

మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. చెప్పే ఉంటుంది. అన్ని వేల భోజనాల్లో ఒక్కసారైనా, ఫలానా చోట దొరికిందండీ అని చెప్పకుండా ఉంటుందా? తనే చెవిన వేసుకుని ఉండడు. ఇరవై ఏళ్ల కిందట కోసిన బండ ఏ గనిదో, ఏ లారీలో వచ్చిందో, ఏ మూల పగులుందో గుర్తుంది. ఆమె చెప్పిన మాట ఒక్కటీ రాలేదు. కంచం ముందు కూర్చుంటే ఆమె పెదవులు కదలడం కనిపిస్తుంది. గొంతు వినిపించదు. మధ్యలో మిషను చప్పుడు.

ఆమె ఇసుక యార్డులో గులకరాళ్లు ఏరే పనిచేసేది. నాలుగో రోజు అక్కడికి వెళ్లాడు. ఆమెతో జల్లెడ పట్టిన ముసలావిడ ఇంకా అదే రేకుల నీడలో, అదే పీట మీద ఉంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"దారి తప్పావా మేస్త్రీ?"

"ఒక సంగతి అడగాలక్కా. ఆ పువ్వుల రాయి..."

"ఇరవై ఏళ్లు నా పక్కన కూర్చుంది నీ పెళ్లాం. ఒక్కరోజు ఈ గేటు దాటి లోపలికొచ్చావా? వానకు ఇక్కడే చిక్కుకుపోయిన రోజున కూడా రాలేదు. పక్కింటివాళ్లు వచ్చి తీసుకెళ్లారు."

"పనుండేది."

"ఉంటుంది. రాళ్లు పారిపోతాయి మరి."

మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. తిట్టించుకోవడం అతనికి అలవాటు లేదు. అయినా కదల్లేదు. ముసలావిడ ఇంకో గంప కుమ్మరించి, గులకరాళ్లను చేత్తో పరిచింది.

"అది ఇక్కడిది కాదు. నీ పెళ్లాం ఈ పనిలో చేరకముందే తన దగ్గరుంది. ఎక్కడ దొరికిందే అని నేనూ అడిగాను ఒకసారి. 'దొరకలేదక్కా, వెతుక్కున్నాను' అంది. ఇంక అడగబుద్ధి కాలేదు నాకు. ఆ మొహం చూసి."

"నీకు చెప్పలేదా మరి?"

"కడుపులో పెట్టుకునే మనిషి. కూతురికి చెప్పి ఉంటుంది. పోయి అడుగు. ఫోన్ చెయ్యడానికి వేళ్లు అరగవులే."

కూతురు బస్సులో మూడు గంటల దూరంలో ఉంటుంది. ఇద్దరు పిల్లలు. తల్లి ఉన్నప్పుడు నెలకోసారి వచ్చేది. వచ్చినా వంటింట్లోనే కూర్చునేది. తండ్రితో 'అన్నం తిన్నావా', 'వెళ్తున్నా' తప్ప మూడో మాట ఉండేది కాదు. పెళ్లిలో తను ముభావంగా ఉన్నందుకు మనసులో పెట్టుకుందని మేస్త్రి అనుకునేవాడు. ఆడపిల్లకు అంత పట్టుదల పనికిరాదనీ అనుకునేవాడు. కూతురి కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టాడు. నిలవలేదు. ఆ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఫోన్ చెయ్యడానికి ముందు రాయి కోశాడు. ఖాళీ చేతులతో మాట్లాడ్డం అతనికి చేతకాదు.

అంత చిన్న రాయిని అతను ఎప్పుడూ కొయ్యలేదు. చెక్కముక్కలు చీలికలు చేసి రెండు పక్కలా బిగించాడు. కొత్త బ్లేడు వేశాడు. నీళ్ల పంపు ధార సరిచూసుకున్నాడు. మామూలుగా బండను ఒక ఊపులో తోసేవాడు, ఇప్పుడు వెంట్రుకవాసి చొప్పున జరిపాడు. బూడిదరంగు బురద బల్ల అంచుల మీదుగా కారింది. రాయి రెండయింది. ఎక్కడా పెచ్చు ఊడలేదు. నూట ఇరవై నంబరు గరుకు ఎమెరీ రాయి దగ్గర మొదలుపెట్టి ఒక్కో నంబరూ మారుస్తూ, చివరికి ఫెల్టు గుడ్డ మీద పాలిష్ పొడితో రుద్దేసరికి పొద్దువాలింది. కడిగి వెలుతురుకు పట్టాడు.

లోపలా అవే. నల్లటి గోడల మధ్య తెల్లటి నక్షత్రాలు. వరసలు వరసలుగా, ఒకదాన్నొకటి ఆనుకుని, అంచుదాకా. పైపై పూత కాదు. నీళ్లు కొరికింది కాదు. ఒక నక్షత్రంలో గీతలు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. పక్కదాంట్లోనూ ఇరవై నాలుగు.

"నువ్వన్నదే," అన్నాడు పైకి.

"ఎవరితో బావా?" అన్నాడు వెల్డరు అవతలి నుంచి.

"ఎవరితో కాదు."

వెల్డరు ఎగతాళి చెయ్యబోయి, ఎందుకో మానుకుని, ముసుగు దించుకున్నాడు.

కూతురు ఫోనెత్తి, "ఏమైంది?" అంది. ఒంట్లో బాగాలేకపోతే తప్ప తండ్రి ఫోన్ చెయ్యడని ఆ గొంతులోనే ఉంది.

"ఏం కాలేదు. అమ్మ రాయి ఉంది చూడు, కిటికీలోది. అదెక్కడ దొరికిందో నీకేమన్నా చెప్పిందా?"

పిల్లల అరుపులు వినిపించాయి. తలుపు వేసిన చప్పుడైంది, పిల్లల గొంతులు ఆగిపోయాయి.

"ఇప్పుడెందుకు నాన్నా?"

మ్యూజియం సంగతి చెప్పాడు. పగడమని, అమ్మ అన్నదే నిజమైందని, అద్దాల బీరువాలో అమ్మ పేరుతో చీటీ పెడతారని, చోటు తెలియకపోతే పిల్లలాడుకునే పెట్టెలో పడేస్తారని చెప్పాడు. అతను కూతురితో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"ఎప్పుడు వెళ్తున్నావు?"

"గురువారం."

"నేనూ వస్తాను. నేను చూడకుండా ఇచ్చెయ్యకు."

ఫోన్ పెట్టేశాక మేస్త్రికి సంతోషంగా అనిపించింది. కోసిన సంగతి చెప్పలేదు. పాలిష్ చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాడు.

గురువారం అతను వెళ్లేసరికే కూతురు మ్యూజియం మెట్ల మీద ఉంది. తల్లి చేతిసంచీ తగిలించుకుని ఉంది. "టిఫిన్ తిన్నావా?" అంది. "తిన్నాను," అన్నాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పైకెక్కారు.

ఆఫీసరమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. మేస్త్రి గోనెగుడ్డ విప్పి రెండు ముక్కలూ పక్కపక్కనే పెట్టాడు, కోసిన మొహాలు పైకి.

"అబ్బ! ఎంత శుభ్రంగా వచ్చిందండీ. మా మిషను బాగున్న రోజుల్లో కూడా ఇలా రాలేదు." ఆవిడ భూతద్దం అందుకుంది.

కూతురు ఒక ముక్కను ఎత్తి తిరగేసి అడుగు చూసింది. అరచెయ్యి పెట్టి తడిమింది.

"సున్నం ఏది?"

"తీసేశాను. మురికిగా ఉందని."

"మురికి," అంది కూతురు.

"ఏమ్మా? బాగుచేసే కదా తెచ్చాను..."

"అది అన్నయ్య రాయి నాన్నా."

మేస్త్రికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ ఇంట్లో ఆ పిల్లాడికి పేరు లేదు. వరసా లేదు. 'అన్నయ్య' అన్న మాట అతను విన్నది అప్పుడే.

"పదకొండు రోజులు బతికాడు," అంది కూతురు. తండ్రితో కాదు, ఆఫీసరమ్మతో చెబుతున్నట్టు. గొంతు పెరగలేదు. "మా అమ్మ ఈయన్ని ఒక పలక అడిగింది. జానెడు పలక. పేరు పెట్టలేదు కదా, పేరు వద్దు, తేదీ ఒక్కటి చెక్కితే చాలంది. ఊరందరికీ చెక్కే మనిషి. పదకొండు రోజులవాడికి పలకేంటి, రాయి దండగ అన్నాడు. మా అమ్మ నదికెళ్లింది. తనే వెతుక్కుంది. పువ్వులున్నాయని ఇది తెచ్చింది. ఎవరింట్లోనో సున్నం అడుక్కుని, చేత్తో మెదిపి, వాణ్ణి పూడ్చిన చోట నిలబెట్టింది. నాకు ఆరేళ్లప్పుడు రోడ్డు వెడల్పు చేస్తూ ఆ మూలంతా తవ్వేశారు. మిషను కింద పడకముందే పరిగెత్తి దీన్ని లాక్కొచ్చుకుంది. పిల్లాణ్ణి తేలేకపోయింది. రాయి తెచ్చుకుంది. అప్పణ్ణించీ కిటికీలో ఉంది."

ఆఫీసరమ్మ భూతద్దం బల్ల మీద పెట్టేసింది.

"నాకు చెప్పలేదు," అన్నాడు మేస్త్రి.

"ఏనాడూ చెప్పలేదు."

"చెప్పిందేమో, నేనే వినలేదేమో అనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

"చెప్పలేదు. చెబితే మళ్లీ దండగంటావని. నా పెద్దాడు పుట్టినప్పుడు నా మంచం పక్కన పడుకుని నాకు చెప్పింది. ఆయనకు చెప్పకు, ఆయన మనసు ఆయనకుంటుంది అంది. నీ తరఫునే మాట్లాడింది, అప్పుడు కూడా."

మేస్త్రి కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీ దూరంగా ఉంది. సొరుగుల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దండగన్న మాట తను అన్నాడా? అన్నాడు. ఆ రోజుల్లో పని మీద పని ఉండేది. అయినా జానెడు పలకకు ఎంతసేపు? అతనికి తెలుసు. అరగంట. తేదీకి ఇంకో అరగంట.

"ఇది మీరు తీసుకెళ్లిపోవచ్చమ్మా," అంది ఆఫీసరమ్మ మెల్లగా. "ఏ కాగితం మీదా ఇంకా ఎక్కలేదు."

కూతురు రెండు ముక్కల వంకా చూసింది. ఎటు పెట్టాలో తెలియనట్టు చేతిలోని ముక్కను రెండో దానికి ఆనించింది. కలిసిందిగానీ సన్నటి గీత మిగిలింది.

"ఒక ముక్క మీరుంచుకోండి. రెండోది నేను తీసుకెళ్తాను. ఎలాగూ కోసేశాడు కదా." సంచీలోంచి పాత తువ్వాలు తీసి తన ముక్కను చుట్టింది. "అమ్మకు ఇందులో ప్రాణం ఉండేదని నమ్మకం. అది నిజమని రాస్తారు కదా మీరు? చీటీలో?"

"రాస్తాను. పగడమని రాస్తే ఆ మాటేనండీ."

"అయితే రాసుకోండి. పాత వంతెన దగ్గర. ఎడమ ఒడ్డు. రెండో స్తంభం దాటాక నీళ్లు గుండ్రంగా తిరిగే చోటుంది, దాని మీద ఎర్రటి గట్టు. గట్టు విరిగిపడ్డ మట్టిలో ఉంది. సగం మట్టిలో, సగం నీళ్లలో. చేత్తో తవ్వి తీసింది."

"గట్టులోంచే రాలిందా? నీళ్లలో కొట్టుకొచ్చింది కాదా?" ఆఫీసరమ్మ గొంతులో రాళ్లు వెతికే మనిషి లేచింది. వెంటనే తగ్గించుకుంది. "క్షమించండి. ఇది చాలా పెద్ద సంగతి. ఆ గట్టును మేం వెళ్లి చూడాలి."

"చూడండి."

ఆవిడ కాగితం నింపుతూ పోయింది. వెతికి తెచ్చినవారు అన్న చోట తల్లి పేరు కూతురు అక్షరం అక్షరం చెప్పింది. ఆఫీసరమ్మ కింది గడిలో కలం పెట్టి, "ఇచ్చినవారు..." అని మేస్త్రి వైపు చూసింది.

"ఆయన పేరు వద్దు," అంది కూతురు. "నా పేరు రాయండి."

ఇంకెక్కడైనా అయితే మేస్త్రి ఒంటికాలి మీద లేచేవాడు. ఆఫీసరమ్మ ఒక్క క్షణం ఆగి, కూతురి పేరు రాసింది.

"దొరికిన తేదీ?"

"అన్నయ్య పోయిన మూడో రోజున వెళ్లానంది. ఏ తేదీయో అమ్మ పైకి చెప్పలేదు. నేనూ అడగలేదు."

"ఫర్వాలేదమ్మా. సంవత్సరం సుమారుగా వేస్తాను."

"ఎనభై ఐదు," అన్నాడు మేస్త్రి. "జూన్ పద్నాలుగు. శుక్రవారం."

ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను సొరుగుల వైపే చూస్తున్నాడు.

"పన్నెండున పోయాడు, తెల్లవారుజామున. మూడో రోజంటే పద్నాలుగు. ఆ రోజే నేను మళ్లీ పనిలోకి వెళ్లాను. మధ్యాహ్నం ఇంటికొస్తే పొయ్యి వెలిగించలేదు. మూడు దాటాక వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది, చేతులనిండా ఎర్రమట్టి. ఎక్కడికి పోయావని అడగలేదు." ఆగాడు. "అన్నం ఆలస్యమైందని అరిచాను."

ఆఫీసరమ్మ తల వంచుకుని తేదీ రాసింది. కూతురు కాగితం తన వైపు తిప్పుకుని చదివింది. తేదీ మీద ఆమె చూపు చాలాసేపు ఆగింది. తర్వాత సంతకం పెట్టి, సంచీ భుజాన వేసుకుని లేచింది.

"నా బస్సుకు టైమైంది," అంది.

"నేనూ వస్తాను బస్టాండు దాకా."

"వద్దు నాన్నా."

వరండాలో ఆమె చెప్పుల చప్పుడు మెట్ల దాకా వినిపించింది. మేస్త్రి వెళ్లలేదు. ఆఫీసరమ్మ చిన్న అట్టముక్క మీద మంచి దస్తూరీతో చీటీ రాస్తుంటే, ప్రతి అక్షరమూ అయ్యేదాకా ఎదురుగా నిలబడి చూశాడు. సిరా ఆరాక ఆవిడ చీటీని అతని వైపు జరిపింది. అతను ముట్టుకోలేదు. అతని చేతులు శుభ్రంగానే ఉన్నాయి.